లెన్సు ముందు ఇంకో గాజు: రక్షణ ఫిల్టరు ఎంచుకోవడం, బిగించడం, అవసరమైనప్పుడు తీసేయడం

కెమెరా కొన్నవాళ్లకు ఈ సన్నివేశం గుర్తుండే ఉంటుంది. బిల్లు రాయబోతూ దుకాణదారు సొరుగులోంచి ఒక పల్చటి ప్లాస్టిక్ డబ్బా తీస్తాడు. "యూవీ ఫిల్టరు సార్, లెన్సుకు ఇన్సూరెన్స్ అనుకోండి" అంటాడు. కొత్త కెమెరా మోజులో ఉన్న మనిషి కాదనలేడు. నేనూ కాదనలేదు. ఆ ఫిల్టరు మూడేళ్లు లెన్సు మీదే ఉండిపోయింది. ఒక దీపావళి రాత్రి తీసిన ఫోటోలలో, నల్లటి ఆకాశం మీద ఎక్కడా లేని ఆకుపచ్చ చుక్కలు వరుసగా కనిపించాయి. దాన్ని విప్పి చూడాలన్న ఆలోచన అప్పుడు గానీ రాలేదు.

ఆ తర్వాత పెళ్లిళ్లలో, జాతరలలో, సముద్రపు ఒడ్డున దాన్ని పెట్టీ, తీసీ నేను తేల్చుకున్నది ఒక్కటే. రక్షణ ఫిల్టరు చెప్పుల లాంటిది. వీధిలోకి వెళ్లేటప్పుడు వేసుకోవాలి, గుమ్మం దగ్గర విడవాలి. ఎప్పుడూ వద్దనేవాళ్లూ, ఎప్పుడూ ఉండాల్సిందే అనేవాళ్లూ ఇద్దరూ ఈ చిన్న విషయాన్ని వదిలేసి వాదించుకుంటుంటారు.

ముందు పేర్ల చిక్కు విప్పుకుందాం

మన కంటికి కనిపించే వెలుగు తరంగాల పొడవు సుమారు 400 నుంచి 700 నానోమీటర్ల మధ్య ఉంటుంది. అంతకు దిగువన ఉన్న అతినీలలోహిత కిరణాలు మనకు కనిపించవు గానీ, ఫిల్ము రీలు వాటిని కూడా పట్టుకునేది. దాంతో ఎత్తైన కొండల మీద, సముద్ర తీరాల్లో తీసిన దూరదృశ్యాలు నీలిపొగ కమ్మినట్టు వచ్చేవి. ఆ పొగను తగ్గించడానికి పుట్టింది యూవీ ఫిల్టరు.

డిజిటల్ కెమెరాలో ఆ పని చేయడానికి వేరే ఏర్పాటు ఉంది. వెలుగును చిత్రంగా మార్చే సెన్సరుకు ముందు అతినీలలోహిత, పరారుణ కిరణాలను ఆపే పల్చటి పలక ఒకటి కంపెనీవాళ్లే అమర్చి పంపుతారు. కాబట్టి మీ డిజిటల్ కెమెరా మీద యూవీ ఫిల్టరు చేసేదల్లా దుమ్మును ఆపడమే. ఆ పనికి రంగూ గుణమూ లేని శుభ్రమైన గాజు చాలు. దాన్నే రక్షణ ఫిల్టరు, క్లియర్ ఫిల్టరు, ప్రొటెక్టర్ అంటున్నారు. నికాన్ దీన్ని ఎన్‌సీ, అంటే న్యూట్రల్ కలర్ అనే పేరుతోనూ, కెనాన్ ప్రొటెక్ట్ అనే పేరుతోనూ అమ్ముతాయి. జర్మనీకి చెందిన బీ ప్లస్ డబ్ల్యూ తన క్లియర్ ఫిల్టరుకు 007 అనీ, యూవీ ఫిల్టరుకు 010 అనీ సంఖ్యలు ఇచ్చింది. జేమ్స్ బాండ్ నంబరు రక్షణ ఫిల్టరుకు దక్కడం నాకెప్పుడూ సరదాగానే ఉంటుంది.

మీ దగ్గర ఇప్పటికే మంచి యూవీ ఫిల్టరు ఉంటే పారేయనక్కర్లేదు. అదే రక్షణ ఫిల్టరుగా పనికొస్తుంది. పాత సరుకు అమ్మే చోట "స్కైలైట్" అని రాసి ఉన్నది కనిపిస్తే మాత్రం వదిలేయండి. దానికి లేత గులాబీ ఛాయ ఉంటుంది, అది కూడా ఫిల్ము కాలపు అవసరమే.

మొదటి పని: దేని నుంచి కాపాడుకోవాలో చూసుకోండి

ఈ ప్రశ్నకు జవాబు దొరికితే మిగతా పని దాదాపు అయిపోయినట్టే. అందుకే ఇక్కడ కాస్త నిదానంగా వెళదాం.

తెలుగు పెళ్లిని దగ్గరగా తీసేవాళ్లకు తెలుసు, లెన్సు మీద ఏమేమి వచ్చి పడతాయో. తలంబ్రాల సమయంలో పసుపు కలిపిన బియ్యం ఎగిరి వస్తుంది. బియ్యపు గింజ గాజును గీయదు, దాని వెంట వచ్చే పసుపు పొడి మాత్రం అంటుకుంటుంది. హోమం దగ్గర అరగంట నిలబడితే నెయ్యి ఆవిరి, పొగ కలిసి సన్నటి జిడ్డు పొరగా పేరుకుంటాయి. తర్వాత వధూవరుల మీద స్ప్రే చల్లే కుర్రాళ్లు ఉండనే ఉన్నారు. ఇలాంటి చోట ఫిల్టరు ఉంటే ధైర్యంగా తుడిచి పని కొనసాగించవచ్చు. మరీ పాడైతే విప్పి జేబులో వేసుకుని షూటింగు ఆపకుండా ముందుకు వెళ్లవచ్చు. హోలీ రంగుల సంగతీ ఇంతే.

సముద్రం ఇంకా మొండిది. విశాఖ రామకృష్ణా బీచ్‌లో గాని, సూర్యలంకలో గాని గాలి వీచే సాయంత్రం గంటసేపు తిరిగి వచ్చాక లెన్సును పక్కనుంచి వెలుగుకు పట్టి చూడండి. ఉప్పునీటి తుంపరలు ఎండి మచ్చలు కట్టి ఉంటాయి. ఆ ఉప్పు పలుకులతో పాటు ఇసుక రేణువులు కూడా ఉంటాయి. ఇసుకలో ఉండే స్ఫటికం గాజు కన్నా గట్టిది. పొడిబట్ట పెట్టి రుద్దితే అది గరుకు కాగితంతో రుద్దినట్టే. మేడారం జాతరలో దుమ్ము సరేసరి, అమ్మవార్లకు బంగారంగా సమర్పించే బెల్లం పట్టుకున్న చేతుల మధ్య నుంచి కెమెరా పట్టుకుని నడవాలి. అక్కడ నేను ఫిల్టరు తీసే సాహసం చేయను.

ఇంకొక చోటు ఎక్కువమంది ఊహించరు. వెల్డింగు షెడ్లు, గ్రైండర్లు. ఎగిరే నిప్పురవ్వలు కాలుతున్న లోహపు ముక్కలు. గాజుకు తగిలితే అందులో కరిగి అతుక్కుపోతాయి, ఇక తుడిచినా పోవు. కార్ఖానాలలో ఫోటోలు తీసే పని ఉంటే ఫిల్టరు తప్పనిసరి.

కిందపడితే? ఇక్కడే ఇన్సూరెన్స్ మాట తేలిపోతుంది. "నా కెమెరా పడిపోయింది, ఫిల్టరు పగిలింది, లెన్సు బతికింది" అని చాలామంది రుజువుగా చెబుతారు. ఫిల్టరు గాజు మందం మామూలుగా ఒకటి రెండు మిల్లీమీటర్లు. లెన్సు ముందు గాజు దానికి ఎన్నో రెట్లు మందం. పల్చటిది పగిలిందంటే మందమైనదీ పగిలి ఉండేదని అర్థం కాదు. పైగా పగిలిన పెంకులు లోపలికి జారి అసలు గాజునే గీస్తాయి. దెబ్బల నుంచి కాపాడేది హుడ్, అంటే లెన్సు ముందు బిగించే గొట్టం లాంటి తొడుగు. అది ప్లాస్టిక్ కాబట్టి వంగి, ఎగిరి, దెబ్బను తాను తీసుకుంటుంది. పక్కనుంచి పడే వెలుగునూ ఆపి ఫోటోకు మేలు చేస్తుంది. నేను ఒకటే కొనగలిగితే హుడ్ కొంటాను. అయితే న్యాయంగా ఒక మాట చెప్పాలి. అంచు మీద పడినప్పుడు ఫిల్టరు రింగు సొట్టపోయి, లెన్సు మరలను కాపాడిన సందర్భాలు కూడా ఉన్నాయి.

బూజు నుంచి ఫిల్టరు కాపాడదు. బూజుకు మూలం గాలిలోని తేమ, అది లెన్సు లోపలికీ వెళుతుంది. దానికి మందు సిలికా జెల్ పెట్టిన గాలి చొరబడని డబ్బా, లేదా తేమను 40 నుంచి 50 శాతం మధ్య ఉంచే డ్రై క్యాబినెట్.

వాన తట్టుకునే లెన్సులలో కొన్నింటికి ఫిల్టరు నిజంగా అవసరం. ఉదాహరణకు కెనాన్ ఈఎఫ్ 17-40 ఎఫ్/4 ఎల్ లెన్సుకు దుమ్ము, నీటి నుంచి రక్షణ పూర్తి కావాలంటే ముందు ఫిల్టరు బిగించాలని కంపెనీయే చెబుతుంది. మీ లెన్సు పుస్తకంలో ఈ మాట ఉందేమో చూడండి.

ఇంతకీ ఇంట్లో పిల్లల ఫోటోలు, అప్పుడప్పుడూ ఊరి ప్రయాణాలు, కెమెరాతో వచ్చిన 18-55 లెన్సు. ఇదే మీ ప్రపంచమైతే ఫిల్టరు కొనకపోయినా నష్టం లేదు. ముందు గాజు మీద చిన్న గీత పడినంత మాత్రాన ఫోటోలో గీత రాదు. సెన్సరు దృష్టిలో ఆ గాజు చాలా దగ్గరగా, ఫోకసులో లేకుండా ఉంటుంది. మహా అయితే ఎదురు వెలుగులో ఫోటో కాస్త వెలవెలబోతుంది. వెనుక గాజు మీద పడిన గీతే ఎక్కువ చెరుపు చేస్తుంది, దానికి ఏ ఫిల్టరూ అడ్డు రాదు.

రెండో పని: కొలత

లెన్సు ముందు అంచు మీద, లేదా మూత లోపలి వైపు, సున్నాకు అడ్డంగా గీత గీసినట్టున్న గుర్తు పక్కన ఒక సంఖ్య ఉంటుంది. అదే ఫిల్టరు వ్యాసం, మిల్లీమీటర్లలో. సాధారణంగా కనిపించేవి 49, 52, 55, 58, 62, 67, 72, 77, 82.

దీన్ని ఫోకల్ లెంగ్తుతో, అంటే లెన్సు దృశ్యాన్ని ఎంత దగ్గరకు లాగుతుందో చెప్పే సంఖ్యతో కలిపేసి చాలామంది పొరబడతారు, అదీ మిల్లీమీటర్లలోనే ఉంటుంది. 50 మిల్లీమీటర్ల లెన్సుకు 50 మిల్లీమీటర్ల ఫిల్టరు అడిగితే దుకాణదారు నవ్వుకుంటాడు. కెనాన్ ఈఎఫ్ 50 ఎఫ్/1.8 ఎస్‌టీఎం లెన్సుకు కావలసింది 49, నికాన్ 50 ఎఫ్/1.8జీ లెన్సుకు 58.

ముందు గాజు బుడగలా ఉబ్బి ఉండే లెన్సులకు, నికాన్ 14-24 ఎఫ్/2.8జీ వంటివాటికి, మరలే ఉండవు. ఫిల్టరు బిగించడం కుదరదు, గాజును అలాగే జాగ్రత్తగా చూసుకోవాలి.

మూడో పని: గాజునూ పూతనూ పరీక్షించి కొనడం

"లెన్సులో ఇప్పటికే అన్ని గాజులున్నాయి, ఇంకొకటి పెడితే ఏమవుతుంది" అని అడుగుతారు. ప్రశ్న సరైనదే. కెనాన్ 24-70 ఎఫ్/2.8 ఎల్ రెండో తరం లెన్సులో 18 గాజులున్నాయి. కానీ ఆ 18 గాజుల వంపులను, పూతలను రూపకర్త ఒకదానితో ఒకటి పొసిగేలా లెక్కగట్టి పెట్టాడు. పందొమ్మిదోది ఆ లెక్కలో లేదు, పైగా అది వంపు లేని చదును గాజు. సెన్సరు అద్దంలా మెరుస్తుంది. దాని మీద పడిన దీపకాంతిలో కొంత వెనక్కి తిరిగి, లెన్సులోంచి బయటికి వచ్చి, చదునైన ఫిల్టరును తాకి, మళ్లీ లోపలికి వెళుతుంది. ఫోటోలో అసలు దీపానికి ఎదురు మూలన, తలకిందులుగా, మసక దీపం ఒకటి పుడుతుంది. నా దీపావళి ఆకుపచ్చ చుక్కల రహస్యం ఇదే. ఫోటోగ్రాఫర్లు దీన్ని ఘోస్ట్ అంటారు.

పూత లేని గాజు ఒక్కో ముఖం నుంచి సుమారు 4 శాతం వెలుగును తిప్పికొడుతుంది. రెండు ముఖాలు కలిపి 8 శాతం. మంచి బహుళపొరల పూత ఉంటే అది ఒక్కో ముఖానికి అర శాతం, అంతకన్నా తక్కువకు దిగుతుంది. అందుకే పెట్టె మీద "మల్టీ కోటెడ్" అన్న మాట చూడాలి. హోయా దీన్ని హెచ్‌ఎంసీ అని, బీ ప్లస్ డబ్ల్యూ ఎంఆర్‌సీ అని రాస్తాయి. రాతనే నమ్మాలని లేదు. నకిలీ సరుకు కూడా అంత అందమైన పెట్టెలోనే వస్తుంది. దుకాణంలోనే మూడు పరీక్షలు చేయండి, రెండు నిమిషాలు కూడా పట్టదు.

ఒకటి, ఫిల్టరును ట్యూబులైటు కింద వాల్చి పట్టుకుని దాని మీద పడే ట్యూబులైటు నీడను, అంటే ప్రతిబింబాన్ని చూడండి. మసగ్గా, ముదురు ఆకుపచ్చగానో ఊదాగానో కనిపిస్తే పూత ఉన్నట్టు. అద్దంలో చూసినట్టు తెల్లగా వెలిగితే లేనట్టు. రెండు నీడలు కనిపించి వాటిలో ఒకటి మాత్రమే తెల్లగా ఉంటే, పూత ఒక్క ముఖానికే పూశారని అర్థం.

రెండు, ఫిల్టరును తెల్ల కాగితం మీద పెట్టండి. గాజు లోపలి తెలుపు, బయటి తెలుపు ఒకేలా ఉండాలి. పసుపు ఛాయ కనిపిస్తే వద్దు.

మూడు, అదే ట్యూబులైటు నీడను గాజు అంతటా మెల్లగా జరపండి. నీడ గీత ఎక్కడైనా వంకర తిరిగితే గాజు చదునుగా లేదు. అలాంటిది మామూలు లెన్సు మీద పెద్దగా తెలియకపోవచ్చు గానీ, 200 మిల్లీమీటర్లు దాటిన జూమ్ మీద ఫోటో మెత్తబడుతుంది. పక్షుల ఫోటోలు తీసేవాళ్లు "ఫోకసు సరిగా పట్టడం లేదు" అని కెమెరాను తిట్టుకునే ముందు ఫిల్టరు విప్పి చూడటం మంచిది.

రింగు విషయానికొస్తే, అల్యూమినియంతో పోలిస్తే ఇత్తడి బరువు, ధర ఎక్కువ, కానీ మరల్లో ఇరుక్కుపోవడం తక్కువ. 24 మిల్లీమీటర్లకన్నా వెడల్పుగా తీసే లెన్సులకు సన్న రింగు తీసుకోండి. మందపు రింగు ఫోటో మూలలను నల్లబరుస్తుంది. సన్నదానికి ముందువైపు మరలున్నాయో లేదో చూసుకోండి, లేకపోతే మీ లెన్సు మూత పట్టదు.

ఖర్చు గురించి నా లెక్క ఇది. లెన్సు ఖరీదులో ఇరవయ్యో వంతు నుంచి పదో వంతు దాకా పెట్టవచ్చు. అయిదు వేల లెన్సుకు మూడు వేల ఫిల్టరు దండగ. లక్ష రూపాయల లెన్సు ముందు రెండు వందల గాజు పెట్టడం మాత్రం పట్టుచీర మీద గోనెపట్టా కప్పుకోవడమే.

నాలుగో పని: బిగించడం

బ్లోయరుతో (పిండితే గాలి ఊదే రబ్బరు బుడ్డి) లెన్సు మీదా, ఫిల్టరు రెండు ముఖాల మీదా దుమ్ము ఊదేయండి. మధ్యలో చిక్కుకున్న దుమ్మును ఆ తర్వాత తుడవలేరు. లెన్సును బల్ల మీద ముందుభాగం పైకి ఉండేలా నిలబెట్టి, ఫిల్టరును సమంగా ఆనించి, మొదట అపసవ్యంగా ఒక చుట్టు తిప్పండి. మరలు ఒకదానిలో ఒకటి కూర్చున్నప్పుడు చిన్నగా టిక్కుమన్నట్టు తెలుస్తుంది. అప్పుడు సవ్యంగా తిప్పండి. రెండు వేళ్ల బలం చాలు, మూడో వేలు కలిస్తే విప్పేటప్పుడు ఏడవాలి.

అయిదో పని: మీ ఫిల్టరును మీరే పరీక్షించడం

చీకటి పడ్డాక కెమెరాను ట్రైపాడ్ మీద పెట్టి, వీధిదీపం చిత్రంలో ఒక మూలకు వచ్చేలా చూసి, ఫిల్టరుతో ఒకటి, లేకుండా ఒకటి తీయండి. ఎక్స్‌పోజరు, అంటే ఎంత వెలుగు లోపలికి రావాలన్న అమరిక, చేతితో పెట్టుకోండి, రెండింటికీ ఒకటే ఉండాలి. దీపానికి ఎదురు మూలను పెద్దది చేసి చూడండి. తర్వాత పగటిపూట, జూమును పూర్తిగా లాగి, దూరంగా ఉన్న దుకాణం బోర్డు మీద అక్షరాలను అలాగే రెండుసార్లు తీసి పోల్చండి. తేడా కనిపించకపోతే మీ ఫిల్టరు మంచిదే. కనిపిస్తే ఎక్కడ విప్పాలో మీకు తెలిసిపోయినట్టే.

విప్పాల్సిన వేళలు

రాత్రి దీపాలు, కార్తీక దీపోత్సవాలు, కచేరీ వేదికలు, సూర్యుడు చిత్రంలోనే ఉండే ఉదయ సాయంత్రాలు. ఎంత మంచి పూత ఉన్నా ఇక్కడ ఫిల్టరు తీయడమే నయం. మెరుపులను తగ్గించే పోలరైజరో, వెలుగు తగ్గించే ఎన్‌డీ ఫిల్టరో పెడుతున్నప్పుడు ముందు దీన్ని విప్పండి. ఒకదాని మీద ఒకటి పేర్చితే మూలలు నల్లబడతాయి, గాజుల మధ్య వెలుగు ఎగిరెగిరి పడుతుంది.

గ్రహణం రోజు ఒక హెచ్చరిక. యూవీ ఫిల్టరు గాని, క్లియర్ ఫిల్టరు గాని సూర్యుణ్ణి చూడటానికి ఏ విధమైన రక్షణా ఇవ్వవు. కంటికీ ఇవ్వవు, సెన్సరుకూ ఇవ్వవు. దానికి ప్రత్యేకమైన సౌర ఫిల్టరే కావాలి. అలాగే బరాత్‌లలో తిప్పే లేజరు కిరణాలు ఈ గాజును దాటి సెన్సరును కాల్చగలవు.

ఫోను కెమెరా మీద అతికించే గాజు గురించి కూడా అడుగుతుంటారు. ఫోను లెన్సు మీద కంపెనీ పెట్టిన గట్టి రక్షణ గాజు ఎలాగూ ఉంటుంది. దాని మీద జిగురుతో ఇంకొకటి అంటిస్తే రాత్రి ఫోటోల మీద వెలుగు చారలు గ్యారంటీ, పైగా ఇది విప్పి పెట్టుకునేది కాదు. నేను వద్దంటాను.

తుడవడం

క్రమం తప్పకూడదు: ముందు బ్లోయరు, తర్వాత మెత్తటి కుంచె, ఆ తర్వాతే బట్ట. మైక్రోఫైబర్ బట్ట మీద లెన్సు ద్రవం ఒక చుక్క వేసి మధ్య నుంచి అంచుకు గుండ్రంగా తుడవండి. ద్రవాన్ని నేరుగా గాజు మీద పోయకండి, అంచుల్లోంచి లోపలికి దిగుతుంది. సముద్రం నుంచి వచ్చాక మాత్రం ఫిల్టరును విప్పి మంచినీటితో మెల్లగా కడిగేయవచ్చు. లెన్సును అలా కడగలేం కదా, ఇది ఫిల్టరుకున్న అసలు సుఖం. చొక్కా అంచు, పంచె కొంగు, టిష్యూ కాగితం, టూత్‌పేస్టు ఏవీ వద్దు. గీతలు పడ్డ ఫిల్టరును దాచుకోకండి, మార్చేయండి. గీతలు మోయడానికే దాన్ని కొన్నారు.

ఇరుక్కుపోతే, పగిలితే

ఇరుక్కున్న ఫిల్టరును ఎంత గట్టిగా పిండితే అంత మొండికేస్తుంది, ఎందుకంటే వేళ్ల ఒత్తిడికి పల్చటి రింగు కోలగా వంగి మరల్లో ఇంకా బిగుసుకుంటుంది. వెడల్పాటి రబ్బరు బ్యాండును రింగు చుట్టూ చుట్టి, అరచేయి మొత్తం ఆనించి, చుట్టూ సమంగా పట్టుకుని మెల్లగా అపసవ్యంగా తిప్పండి. పాత చెప్పు రబ్బరు అడుగును చదునుగా రింగు మీద అదిమి తిప్పినా వస్తుంది. ఫిల్టరు విప్పడానికి జతగా అమ్మే ప్లాస్టిక్ పట్టకారులు చవకే, సంచిలో ఉంచుకోండి.

పగిలితే కంగారుగా తుడవకండి, తిప్పకండి. లెన్సును నేలవైపు వంచి పట్టుకుని, వదులుగా ఉన్న పెంకులను కాగితం మీదికి రాలనివ్వండి. మిగిలినవాటిని చిన్న శ్రావణంతో ఒక్కొక్కటిగా, అంచు నుంచి లోపలికి కాకుండా లోపలి నుంచి అంచుకు లాగండి. లెన్సు ఇంకా కిందికి చూస్తుండగానే బ్లోయరుతో ఊదండి. గాజు పొడి పూర్తిగా పోయిందని నమ్మకం కుదిరాకే బట్ట తాకించాలి. రింగు సొట్టపోయి తిరగకపోతే కటింగు ప్లేయరు జోలికి వెళ్లకండి. లెన్సులు బాగుచేసేవాళ్లు రింగును ఒకచోట కోసి, లోపలికి వంచి తీస్తారు, మరలు చెడవు.

ఆ దీపావళి ఫిల్టరు ఇప్పటికీ నా దగ్గరే ఉంది. రింగు బాగుంది కాబట్టి, చిన్న పిల్లలున్న ఇంటికి వెళ్లేటప్పుడు పెట్టుకెళతాను. వాళ్లు లెన్సు మీద వేలు పెట్టినా "అయ్యో" అనాల్సిన పని ఉండదు.